ఆ అన్నం మూట మాది

యాభై ఆరో సంవత్సరం, ఫాల్గుణ మాసం, గురువారం, పగలు పదకొండు గంటలకి ఏలూరు కాలవ గట్టు మీద మా మామగారి ఫొటో తీశారు.

మా కొల్లేటి లంకకి గట్టు రోడ్డు వేస్తామని ప్రభుత్వం చెప్పింది. గట్టు వేస్తే నీళ్లు ఎగదన్ని తమ చేలు మునుగుతాయని ఎగువ రైతులు వద్దన్నారు. రోడ్డు కావాల్సిందే, మేం ప్రభుత్వం వైపే అని చెప్పడానికి లంకలవాళ్లం పడవలెక్కి ఊరేగింపుకి వెళ్లాం. మమ్మల్ని ఎవరూ తోలుకెళ్లలేదు. వేరే ఊళ్లనుంచి కూలికొచ్చినవాళ్లూ ఉండే ఉంటారు, లేరని నేనెందుకనాలి?

నీళ్ల మీద గాలి ఎదురు తిరిగితే ఇల్లు ఎప్పుడు చేరతామో తెలియదు. అందుకని మావాళ్లు అన్నం మూట లేకుండా పడవెక్కరు. మూట విప్పినప్పుడు ఎదురుగా ఎవరుంటే వాళ్లకి ముందు పెట్టాలి. ఆ వేళ ఎదురుగా ఉన్నది కెమెరా పట్టుకున్న విదేశీ పత్రిక దొర, ఆయనకి మన మాటలు ఇంగ్లీషులో చెప్పే తాడేపల్లిగూడెం మేష్టారు.

"ఏవండీ మేష్టారూ, ఎండనబడి వచ్చారు. ఓ ముద్ద తినండి," అన్నారు మామగారు.

"వద్దులెండి, దొరగారు తొందరపెడుతున్నారు."

"ఆయనకీ పెడదామండీ. ఉప్పుచేప ముల్లు గుచ్చుకుంటే ఏ భాషలో అరుస్తారో చూద్దాం."

మేష్టారు నవ్వి చెయ్యి చాపారు. తామరాకు మూట ఇద్దరి చేతుల్లోనూ ఉండగా దొర ఫొటో తీశాడు.

కొన్నాళ్లకి ఆ ఫొటో వాళ్ల పత్రికలోంచి మన పత్రికలోకొచ్చింది. కింద రాసింది చేపల సంతలో ఎవరో చదివి వినిపించారు. ప్రభుత్వ మనిషి ఊరేగింపు జనానికి అన్నం పొట్లాలు పంచుతున్నాడట. ప్రభుత్వ మనిషంటే మేష్టారు, పొట్లం పుచ్చుకుంటున్నది మామగారు. ఏలూరులో ఏ ఆఫీసువాళ్లు తామరాకులో అన్నం కడతారు? అడిగినవాడు లేడు.

"ఏం బాబాయ్, మళ్లీ ఊరేగింపెప్పుడు? ఈసారి పొట్లంలో కోడికూరంటగా!" అనేవారు సంతలో.

మామగారు ఒకరింట ఊరికే మెతుకు ముట్టని మనిషి. మొదట్లో "అది మా కోడలు కట్టిన మూటరా" అని చెప్పేవారు. తర్వాత చెప్పడం మానేశారు. రోడ్డు కోసం మళ్లీ వెళ్దామంటే "నేను రాను తల్లీ. తిండికొచ్చాననిపించుకోలేను" అన్నారు. సరుకమ్మడానికి ఏలూరు వెళ్లినా మూట పట్టుకెళ్లేవారు కాదు. పస్తుండి తిరిగొచ్చేవారు.

రోడ్డు పడింది, ఆయన పోయాక.

నేను అక్షరాలు నేర్చింది ముసలితనంలో. ఇప్పుడు నేను రాసినంత మాత్రాన ఆ పత్రిక మారదు. అయినా రాస్తున్నాను. మూట దగ్గర ప్రభుత్వ మనిషెవరూ లేరు. ఉన్నది మామగారు, నా పెనిమిటి, పడవ నడిపిన మా మరిది, తాడేపల్లిగూడెం మేష్టారు, ఫొటో తీసిన దొర, తెల్లవారుజామున అన్నం వండి మూట కట్టిన నేను.