వెనుదిరిగిన సింహం

వీరభద్రానికి పన్నెండో ఏటనే సింహాన్ని చెక్కడం వచ్చింది. శ్రీకాళహస్తి పక్కన మాధవమాలలో వాళ్ల నాన్న గుళ్లకు వాహనాలు చేసేవాడు. కొడుకు మొదట సింహవాహనం గోళ్లు చెక్కాడు, తర్వాత జూలు, ఆ తర్వాత మొత్తం సింహం. ఊళ్లో అతని చేతి సింహం అంటే ఒక పేరుండేది. ఆ పేరు అతని తలకు కొంచెం ఎక్కింది కూడా.

2022లో భార్య పద్మ కెనడాలో విన్నిపెగ్ కాలేజీలో చేరితే, ఆమె వెంట స్పౌజ్ వర్క్ పర్మిట్ మీద అతనూ వచ్చాడు. అప్పటికి నలభై ఒకటి. తెలిసిన ఇంగ్లిష్ తక్కువ. మొదటి చలికాలమంతా ఒక గోదాములో అట్టపెట్టెలు దించాడు. ఒకరోజు బస్సు తప్పిపోయి నడుస్తుంటే ఒక చిన్న దుకాణం అద్దం వెనక చెక్కిన డాలు కనిపించింది. డాలు మీద గద్ద, పైన శిరస్త్రాణం, చుట్టూ ఆకుల తీగ. లోపలికి వెళ్లి, ఫోన్‌లో తన వాహనాల ఫోటోలు తీసి చూపించాడు. ఇంగ్రిడ్ అనే ఆ డెబ్బై ఏళ్ల యజమానురాలు ఒక్కో ఫోటోనూ పెద్దది చేసుకుని చూసి, చేతికి ఒక ఉలీ చెక్కముక్కా ఇచ్చింది. మాట్లాడుకోవలసిన పని పెద్దగా లేకపోయింది.

ఆమె చేసేది వంశలాంఛనాల పని. మన రాజులకు వరాహలాంఛనం ఉన్నట్టే ఇక్కడ మామూలు మనిషి కూడా అర్జీ పెట్టుకుని తనకంటూ ఒక లాంఛనం మంజూరు చేయించుకోవచ్చు. దాన్ని పోలినది ఇంకొకరికి ఉండకూడదు. ఎలా ఉండాలో బొమ్మ కన్నా ముందు మాటల్లో రాసి ఇస్తారు. అందులో కుడి అంటే చూసేవాడి కుడి కాదు, డాలు పట్టుకున్నవాడి కుడి. జంతువు ముఖం ఎప్పుడూ ఆ కుడివైపే ఉండాలి. వేరే చెబితే తప్ప రెండోవైపు తిప్పకూడదు. ఇంగ్రిడ్ మొదటి వారంలోనే ఒక డాలు చేతికిచ్చి, పట్టుకుని నిలబడమని, ఇది నేర్పింది.

ఆ మాటల రాతను చదివి బొమ్మ గీసే పని స్పందనది. జగిత్యాల పిల్ల, గ్రాఫిక్ డిజైన్ చదువుతూ వారానికి మూడు రోజులు దుకాణంలో పార్ట్ టైమ్ చేసేది. ట్రేసింగ్ కాగితం మీద సన్నని గీతలతో గీసి, మూలన తెలుగులో "పైన" అని రాసేది. కాగితం రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది కదా, ఆ అక్షరాలు సరిగ్గా కనబడితే అది పైవైపు. దుకాణంలో ఆ రాత ఇద్దరికే అర్థమవుతుందని ఆమెకు ముచ్చట. టిఫిన్ డబ్బాలో పచ్చిపులుసు తెస్తే సగం అతనికే పోసేది. ఉగాదికి వీళ్లింట్లోనే భోంచేసింది.

2023 వేసవిలో డగ్లస్ అనే ఎనభై ఏళ్ల పెద్దమనిషి తన లాంఛనం చెక్కించుకోవడానికి వచ్చాడు. ముందుకాళ్లెత్తి నిలబడిన సింహం, పంజాలో తాళంచెవి. ఆగస్టులో వాళ్ల కుటుంబమంతా ఒకచోట చేరుతున్నారు, అప్పటికి కావాలి. అదే సమయానికి ఇంగ్రిడ్ మోకాలి ఆపరేషన్ చేయించుకుని చెల్లెలింటికి వెళ్లింది. వెళ్లే ముందు ఏమన్నా సందేహముంటే ఫోన్ చెయ్యమంది. సింహం గురించి తనకు సందేహం రాదని వీరభద్రం నవ్వాడు.

స్పందన గీసిన కాగితాన్ని చెక్క మీద పరిచి, కింద కార్బన్ పెట్టి అచ్చు తీశాడు. మూలన రాసినది చూడలేదు. ఇన్ని సింహాలు చేసినవాడికి ఆ అవసరమేమిటనుకున్నాడు. నాలుగో రోజుకు వొళ్లు పూర్తయి, జూలు గీతల కోసం మళ్లీ కాగితం తెచ్చి చెక్కకు సరిపోల్చాడు. గీతలు కలవాలంటే కాగితాన్ని బోర్లించాల్సి వచ్చింది. బోర్లిస్తే "పైన" అన్న అక్షరాలు అద్దంలోలా తిరగబడి ఉన్నాయి. సింహం డాలు పట్టుకున్నవాడి ఎడమవైపు చూస్తోంది. తాళంచెవి ఉండకూడని పంజాలో ఉంది.

ఇంకో చెక్క ఉంది, వారం రోజుల గడువూ ఉంది. ఇంగ్రిడ్‌కు ఫోన్ చేసి చెబితే అయిపోయేది. కానీ తను నవ్విన నవ్వు గుర్తొచ్చింది. ఇక్కడే స్థిరపడనిచ్చే పీఆర్ కోసం ఆమె రాసిస్తానన్న ఉద్యోగపు లేఖ గుర్తొచ్చింది. సింహం ఎటు చూస్తే ఎవరికి తెలుస్తుందిలే అని జూలు మొదలుపెట్టాడు. కాగితం ఉండచుట్టి చెక్కపొట్టు డబ్బాలో వేశాడు. గురువారం చెత్తబండి వచ్చి తీసుకుపోయింది.

ఇంగ్రిడ్ చేతికర్రతో తిరిగొచ్చిన రోజు డాలు ముందు నిలబడి, ఇది డగ్లస్ సింహం కాదు, ఎవరిది అని మాత్రం అడిగింది. తర్వాత గీసిన కాగితం చూపించమంది. స్పందన సొరుగులన్నీ లాగి వెతికింది. వీరభద్రం కూడా ఆమెతో కలిసి వెతికాడు. బల్ల కిందికి వంగి, చెక్కల వెనక చెయ్యి పెట్టి మరీ వెతికాడు. తన జీవితంలో చేసిన పనులన్నిటిలోకీ తనకు అసహ్యం పుట్టించేది అదేనని తర్వాత పద్మతో అన్నాడు.

కాగితం దొరకలేదు. చివరికి స్పందనే, పరీక్షల హడావిడిలో తానే తిప్పి గీసి ఉంటానని ఒప్పుకుంది. ఇంగ్రిడ్ కేకలెయ్యలేదు. ఇకమీద బొమ్మలు తనే గీసుకుంటానని, వేరే పని చూసుకోమని చెప్పింది. డగ్లస్‌కు ఫోన్ చేసి, చదువుకునే అమ్మాయి పొరపాటు చేసిందని క్షమాపణ కోరింది.

స్పందన పెన్సిళ్లూ టిఫిన్ డబ్బా సర్దుకుని, వెళ్తూ వీరభద్రం దగ్గర ఆగింది.

"సారీ అంకుల్. నా వల్ల మీ పని ఖరాబైంది."

"ఫర్లేదమ్మా" అన్నాడు.

ఆ వారంలోనే అతను సింహాన్ని మళ్లీ చెక్కాడు. సరైన వైపే చూసింది. చేస్తున్నంతసేపూ చేతులు తనవి కానట్టుండేవి.

ఆ ఏడు విన్నిపెగ్‌లో ఎక్కడ చూసినా మన పిల్లలే. ఒక్క కాఫీ షాపు ఉద్యోగానికి వందమంది అప్లై చేసేవాళ్లు. నవంబరులో ఒకరోజు బస్సులోంచి చూస్తే, ఒక హోటల్ ముందు జాబ్ ఫెయిర్‌కు పేవ్‌మెంట్ పొడుగునా లైన్ ఉంది. మంచు పడుతోంది. ఫైలును కోటు లోపల దాచుకుని స్పందన నిలబడి ఉంది. వీరభద్రం సీట్లో కిందికి జరిగాడు. సంక్రాంతి దాటాక ఆమె పక్క రాష్ట్రంలోని రెజైనా వెళ్లిపోయిందని, అక్కడ వృద్ధాశ్రమం వంటింట్లో పని దొరికిందని పద్మ చెప్పింది.

మార్చిలో ఇంగ్రిడ్ లేఖ ఇచ్చింది. అతనికి అర్థమయ్యేలా పద్మ భోజనాల బల్ల దగ్గర పైకి చదివింది. పనిలో నేర్పరి, సమయానికి వచ్చేవాడు, పూర్తిగా నమ్మదగినవాడు అని ఉంది. ఆ చివరి మాట దగ్గర వీరభద్రం చదవడం ఆపమన్నాడు. జరిగిందంతా చెప్పాడు. పద్మ లేఖను మడిచి బల్ల మీద పెట్టింది.

"మనింట్లో కూర్చుని అన్నం తినిపోయింది ఆ పిల్ల" అంది. "ఈ లేఖ ఇట్లాగే పంపితే నా మొహం నేను చూసుకోలేను. రేపు పొయ్యి చెప్పు."

మర్నాడు చెప్పాడు. ఇంగ్లిష్ చాలక, చెక్క మీద ఒక కాగితాన్ని తిరగేసి పెట్టి చూపించాడు. ఇంగ్రిడ్‌కు అర్థమైంది. చెక్క పోతే ఇంకో చెక్క ఉంటుంది, ఆ అమ్మాయిని నేనేం చెయ్యను అంది. లేఖ వెనక్కి తీసుకుంది. ఇక అయిపోయిందనుకున్నాడు. ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని, మళ్లీ టైపు చేసి, సంతకం పెట్టి ఇచ్చింది. అంతా అలాగే ఉంది, నమ్మదగినవాడు అన్న ఒక్క మాట లేదు. ఆ లేఖతోనే పీఆర్‌కు ప్రభుత్వ నామినేషన్ వచ్చింది, ఏడాది తర్వాత పీఆర్ కూడా వచ్చింది. అంతా అభినందనలు చెబుతుంటే అతనికి ఆ లేని మాటే కనబడేది.

లేఖ మార్చిన వారానికే అద్దె కారులో ఆరు గంటలు డ్రైవ్ చేసుకుని ఒక్కడే రెజైనా వెళ్లాడు. స్పందనకు అరగంట బ్రేక్. వంటింటి ఆప్రాన్ మీదే కోటు వేసుకుని వచ్చి కారులో కూర్చుంది. అతను చెబుతున్నంతసేపూ అద్దంలోంచి బయటికే చూసింది.

"ఇంగ్రిడ్ నిన్ను మళ్లీ రమ్మంటోందమ్మా. ఆమే ఫోన్ చేస్తుంది."

"రాను అంకుల్." గొంతు మామూలుగానే ఉంది. "ఉద్యోగం పోయిందని కాదు. అది పోతే ఇంకొకటి దొరికింది. అప్పటినుంచి ఏం గీసినా నాకు నమ్మకం లేదు. తిప్పి చూస్తా, మళ్లా తిప్పి చూస్తా. చివరికి గీసుడే బంద్ చేసిన."

ఏం చేస్తే బాగుంటుందని అడిగాడు. ఆమె ఆలోచించింది.

"ఆ పెద్దాయనకు నా గురించే చెప్పిన్రు కదా. ఆయనకు నిజం చెప్పండి."

తిరిగొచ్చిన మూడో రోజు పద్మను తోడు తీసుకుని డగ్లస్ ఇంటికి వెళ్లాడు. హాల్లో గోడ మీద రెండో సింహం ఉంది. పద్మ ఇంగ్లిష్‌లో చెబుతుంటే వీరభద్రం పక్కన నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. డగ్లస్ అంతా విని, తను అందరితోనూ ఆ అమ్మాయి తప్పు గురించి నవ్వుతూ చెప్పానని, బంధువులంతా నవ్వారని అన్నాడు. అతని ముఖం ఎర్రబడింది. కాసేపటికి లోపలికి వెళ్లి స్పందన పేరు మీద ఉత్తరం రాసి తెచ్చి, అడ్రసు అడిగాడు. వీరభద్రం చెయ్యి చాచితే ఇవ్వలేదు. పోస్టులో తానే వేస్తానన్నాడు.

ఉత్తరం అందిందని స్పందన పద్మకు మెసేజ్ పెట్టింది. అందులో ఏముందో చెప్పలేదు, వీళ్లూ అడగలేదు. ఇంగ్రిడ్ రెండుసార్లు ఫోన్ చేసినా ఆమె రాలేదు.

వీరభద్రం ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నాడు. ఇంగ్రిడ్ అతనితో కోపంగా ఏమీ లేదు. పొద్దున్నే టీ ఇస్తుంది, చలి ఎక్కువైతే ఇంటి దగ్గర దింపుతుంది. ఏ డాలు మొదలుపెట్టినా మాత్రం మొదటి ఉలిదెబ్బ వెయ్యకముందు ఆమె వచ్చి పక్కన నిలబడి చూస్తుంది. అతను పక్కకు తప్పుకుని ఆమెకు చోటిస్తాడు.