బందరులో మా గొంగడి

నిజాం రాజ్యం చివరి రోజులు. ఊరి మీద దాడుల భయం పెరిగేసరికి కోదాడ దగ్గరి మా పల్లె నుంచి ఆడవాళ్లం సరిహద్దు దాటాం. గొర్రెల కోసం నా పెనిమిటి అక్కడే ఆగిపోయాడు. నేనూ, మా అత్తా బందరులో ఒక పాత బియ్యం కొట్లో తలదాచుకున్నాం. కొత్త కోడల్ని. ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చేది నాకు.

కొట్టు చూసుకునే పెద్దమనిషి మంచివాడే, కానీ నోరు ఊరుకోదు. "ఊళ్లోకి వెళ్లకండి. ఆ గొంగళ్లూ మీరూ, చూసినవాళ్లు అడుక్కునేవాళ్లనుకుంటారు," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అత్త మాత్రం గొంగడి భుజాన వేసుకుని, జొన్నరొట్టెలు మూట కట్టి, "పా బిడ్డా, ఊరు సూసొద్దాం. అనుకుంటే అనుకోనీ," అంది.

తల వంచుకుని ఓరగా నడవలేదు మేము. నడిబజారులోంచే వెళ్లాం. డచ్చివాళ్ల సమాధుల దగ్గర ఆగి, రాళ్ల మీద చెక్కిన బొమ్మలు చూశాం. "సముద్రం దాటొచ్చి గీడ పండుకున్నరు. వీళ్లనెవరన్న అడుక్కునేటోళ్లన్నరా?" అంది అత్త. అద్దకం వీధిలో తీగలూ పూలూ అద్దిన బట్టలు ఎండలో ఆరేసి ఉంటే, ఒక్కొక్కటీ తడిమి బేరమాడే మనిషిలా మొహం పెట్టింది. కొనేదేమీ లేదు. అయినా పెట్టింది. ఎన్నాళ్లకో నాకు నవ్వొచ్చింది.

చిలకలపూడి గుడి చూసి బయటికొచ్చేసరికి కాళ్లు పీకాయి. గోడ నీడన గొంగడి పరిచి కూర్చున్నాం. దర్శనం చేసుకుని వస్తున్న ఒకామె మా ముందు ఆగి, రెండు అరటిపళ్లు గొంగడి మీద పెట్టి కదిలింది. పెద్దమనిషి అన్నంతా అయింది. సిగ్గుతో నా మొహం కందిపోయింది. పళ్లు విసిరికొడదామని చెయ్యి చాచాను. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఓ అమ్మా, గిటు రా," అని ఆమెను పిలిచింది. "మా గొర్లకాపరోళ్ల గొంగడి కాడికొచ్చినోళ్లు మాకు సుట్టాలు. కూసోకుంట పోవద్దు. సెప్పులిడిసి కూసో."

ఆమె తెల్లబోయింది. "మీరు అడుక్కునేవాళ్లేమో అనుకున్నానమ్మా."

"అనుకున్నవ్. ఇగ కూసో."

ఆ గొంతులో కోపం లేదు, బతిమాలడమూ లేదు. ఆమె అటూ ఇటూ చూసి, చెప్పులు విడిచి గొంగడి అంచున కూర్చుంది. అత్త మూట విప్పి, రొట్టె తుంచి, కారం వేసి ఆమె చేతిలో పెట్టింది. కారానికి కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నా ఆమె మొత్తం తింది. అరటిపళ్లు ముగ్గురం పంచుకున్నాం.

సాయంత్రం కొట్టు దగ్గర పెద్దమనిషి నవ్వుతూ ఎదురొచ్చాడు. "తిరిగొచ్చారా? ఇంతకీ ఎవరైనా ఏమైనా పెట్టారా?"

"మేమే పెట్టినం," అంది అత్త, గొంగడి దులుపుతూ. "జొన్నరొట్టె."