వంద మీటర్ల డబ్బా

తొంభైల చివర్లో మా ఆఫీసుకి ఒక డబ్బా వచ్చింది. చేతిలో పట్టేంత ఉంటుంది, పైన పొట్టి కొమ్ము. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలతో మాట్లాడి, మనం భూమ్మీద ఎక్కడ నిలబడ్డామో అంకెల్లో చెబుతుంది. మా పనేమో నల్లగొండ జిల్లా పల్లెల్లో నీళ్ళు పడే చోటు చూసి బోరుకి గుర్తు పెట్టడం. నీళ్ళెక్కడున్నాయో చెప్పే యంత్రం కావాలని అడిగితే, మేమెక్కడున్నామో చెప్పే యంత్రం పంపించారు.

దానికో కారణముంది. అంతకుముందు మేం బోరు చోట ఒక రాయి పాతి, ఎర్రరంగు పూసి వచ్చేవాళ్ళం. బోరు బండి వెళ్ళేసరికి ఆ రాయి ఊళ్ళో పలుకుబడి ఉన్నవాడి చేలో తేలేది. ఇక మీదట రాళ్ళని కాదు, అంకెల్ని నమ్మమని పైనుంచి హుకుం వచ్చింది. అంకెల్ని ఎవడూ భుజాన వేసుకుని పోలేడు కదా అని మా సారు మురిసిపోయారు.

సారు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఆ డబ్బా వచ్చాక ఆయనకి తిండి కూడా గుర్తుండేది కాదు. జీపులో అది ఆయన ఒళ్ళో కూర్చునేది, నేను వెనక స్టెప్నీ పక్కన. నార్కట్‌పల్లిలో చాయ్‌కి ఆగినప్పుడల్లా దానికి పెన్సిల్ సెల్లు కొనాల్సిందే. చెట్టు కింద పలకదు, జీపు టాపు కింద పలకదు. నడి ఎండలో చెయ్యి పైకెత్తి నిలబడితే తప్ప ఉపగ్రహాలు కరుణించవు. సారు ఏదో మొక్కు తీర్చుకుంటున్నారనుకుని జనం దూరంగా నిలబడేవాళ్ళు.

ఆయనకి డబ్బా మీద అంత ప్రేమ పుట్టడానికి మా మాట కూడా కారణమే. దారి అడిగితే మావాళ్ళు ‘గీడనే’ అంటారు, ఇక్కడే అని. ఆ గీడనే పక్క సందు కావచ్చు, రెండు కోసులు కావచ్చు. చెప్పేవాడి కాళ్ళ సత్తువని బట్టి ఉంటుంది. విసిగిపోయిన సారు ఒకరోజు దారి అడగడం మానేసి, డబ్బా చూపించిన బాణం వెంట జీపు పోనిమ్మన్నారు. బాణం తిన్నగానే చూపింది. మధ్యలో చెరువుందన్న సంగతి దానికి తెలీదు. బురదలోంచి జీపుని బయటికి లాగిన మనుషుల్ని, ఊరు ఇంకా ఎంత దూరమని సారు అడిగారు. గీడనే అన్నారు వాళ్ళు.

ఆ ఊళ్ళో నేతపనివాళ్ళ వాడ ఒకటుంది. వాడంతటికీ ఉన్న ఒక్క చేదబావిలో నీళ్ళు ఉప్పు కషాయం. మంచినీళ్ళు కావాలంటే ఆడవాళ్ళు ఊరు దాటి పొలాల దాకా పోవాలి. అక్కడ మోటరు నడుస్తూ ఉండాలి, ఆ రైతు మనసు బాగుండాలి. అలాంటి వాడకి ఒక్కటంటే ఒక్క బోరు మంజూరైంది. ఇది తప్పిపోతే మళ్ళీ ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. మేం నేల పరీక్షించి, వాగు వైపు వాడ చివర మంచినీళ్ళు పడొచ్చనిపించిన చోట అలవాటు కొద్దీ రాయి పాతాం. సారు చెయ్యెత్తి నిలబడి అంకెలు రాసుకున్నారు. అక్కడే కండెలు చుట్టుకుంటున్న ఒక అవ్వ లేచి వచ్చి, మా ఎర్రరంగు మీద పసుపు పూసి బొట్టు పెట్టింది.

ఎండలు ముదిరాక బోరు బండి వచ్చింది. సారు రాయి వైపు చూడనైనా చూడలేదు. డబ్బా పట్టుకుని బయల్దేరారు. అది ఆయన్ని వాడ దాటించి, బాట దాటించి, కంచె దాటించి ఒక బత్తాయి తోటలో నిలబెట్టింది. తోట ఊరి పెద్దమనిషిది. మనం గుర్తుపెట్టిన చోటు ఇదేనన్నారు సారు.

ఆ రోజుల్లో ఆ డబ్బా చెప్పే జాగా వంద మీటర్ల దాకా అటూ ఇటూ పోయేది. ఉపగ్రహాల్ని నడిపేవాళ్ళే మిగతా ప్రపంచానికి కావాలని కాస్త తప్పు చెప్పేవాళ్ళట. ఆ సంగతి సారుకీ తెలుసు. మనం కదలకుండా నిలబడ్డా నడుస్తున్నామని అది చూపించడం నేను కళ్ళారా చూశాను. అయినా దాని పరువు తగ్గలేదు. రాయిని వాడవాళ్ళే జరిపి ఉంటారని సారు తేల్చేశారు. నాకు ఒళ్ళు మండింది. పెద్దవాళ్ళు రాళ్ళు ఎత్తుకుపోయినన్నాళ్ళు నోరు మెదపని ఆఫీసు, మొదటిసారి ఒక రాయి ఉన్నచోటే ఉంటే బీదవాళ్ళకి దొంగతనం అంటగట్టింది.

అవ్వ వచ్చి ఆ రాయి మీద కూర్చుంది.

"రాయి నడువలే సారూ, మీ డబ్బనే నడుస్తాంది" అంది.

సారు ఓపిగ్గా ఆమెకి ఉపగ్రహాల గురించి వివరించారు. ఆమె అంతా వింది.

"గంత పైకెల్లి చూసెటోళ్ళ కండ్లకు మా వాడ ఆనుతదా?"

సారు బండివాళ్ళని పిలిచారు. బండిని తోట వైపు తిప్పమన్నారు. మొదటి నీళ్ళు పట్టుకుందామని వాడ ఆడవాళ్ళంతా బిందెలు తోముకుని వచ్చి నిలబడ్డారు. వాళ్ళ మొహాలు చూడలేక నేను తోటలోకి నడిచాను.

పెద్దమనిషి అప్పటికే కంచె తీయించి, మాకు చల్ల తెప్పించాడు. నన్ను పక్కకి పిలిచి, ఆ డబ్బా ఏం చేస్తుందని అడిగాడు. అంతలో అవతల సారు బండివాళ్ళకి గట్టిగా చెబుతున్నారు: వంద మీటర్లు పోతే పోనీ, తోటలోనే పెట్టేద్దామని. పెద్దమనిషి మొహంలో రంగు మారింది.

పొలం మోటర్లకి కరెంటు మీటర్లు బిగిస్తారని అప్పట్లో ఊరూరా గుసగుసగా ఉండేది. మీటరంటే మా పల్లెల్లో దూరం కొలిచేది కాదు, బిల్లు పుట్టించేది. దూరానికి గజాలున్నాయి, కోసులున్నాయి, అన్నిటికీ మించి గీడనే ఉంది. ఇక పెద్దమనిషి తోటలో మోటర్లన్నీ కరెంటు తీగకి కొక్కెం తగిలించి నడుపుతున్నవే.

"వంద మీటర్లా? నిజమేనా?" అన్నాడు గొంతు తగ్గించి.

"అటో ఇటో గంతే ఉంటయి పటేలా" అన్నాను.

నేను చెప్పింది అక్షరాలా నిజం. ఆయన ఏ మీటర్లనుకున్నాడో నాకు అర్థమైంది. సరిదిద్దలేదు. ఇవాళ అడిగినా సరిదిద్దను.

ఆయన గబగబా సారు దగ్గరికి వెళ్ళి చేతులు జోడించాడు. తోటంతా పైపులు పాతి ఉన్నాయని, బోరు వాడకే ఇవ్వాలని, బీదవాళ్ళ నోట్లో మన్ను కొట్టడం తన వల్ల కాదని చెప్పుకొచ్చాడు. ఆ మాటలు చెబుతూనే మనుషుల్ని పెట్టి కంచె మూయించాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడన్న మాటకి అంత చక్కటి ఉదాహరణ నేను మళ్ళీ చూడలేదు. వాడకి బోరిచ్చిన పుణ్యాత్ముడని చాలా ఏళ్ళు ఆయన్నే పొగిడారు. సారు ఒకసారి డబ్బా వంక చూసి, సెల్లు తగ్గి ఉంటాయన్నారు.

రాయి ఉన్నచోటే బోరు వేశారు. మంచినీళ్ళే పడ్డాయి. చేతిపంపు బిగించిన కొన్నాళ్ళకి నీళ్ళు పరీక్షకి పట్టుకెళ్దామని ఒక్కణ్ణే వెళ్ళాను. అవ్వ వదల్లేదు, ఇంటికి తీసుకుపోయి అన్నం పెట్టింది. పప్పు భలే మెత్తగా ఉడికిందని మాటవరసకి అన్నాను. ఆమె గరిటె పక్కన పెట్టి కూర్చుంది.

"గా బాయి నీళ్ళకు పప్పు ఉడుకకపోయేది బిడ్డా. నా చెయ్యే మంచిది కాదని మా అత్త తిట్టేది. వాడల అందరిండ్లల్ల గంతేనట. ఏ కోడలు బయటికి జెప్తది? నేను నా చెయ్యే గట్లాంటిదనుకున్న."

కొంగుతో మొహం తుడుచుకుని నా కంచంలో ఇంకొంచెం పప్పు వేసింది.

"నా చెయ్యి మంచిదే బిడ్డా. మా అత్త ఉంటే ఒక్క ముద్ద తినిపిస్తుంటి."