ఎడమచేతి డప్పు

మా మేనమామ ఎక్కడ కూర్చున్నా ఆయన ఎడమచేతి వేళ్లు మోకాలి మీద దరువేస్తూ ఉండేవి. మలయాలో రబ్బరు తోట దొరల క్లబ్బులో పియానో వాయించేవాడు. కుడిచేత్తో వాళ్ల జాజ్, ఎడమచేత్తో మన డప్పు. ఆ కలగలుపుకి దొరలు ఏదో పేరు కూడా పెట్టారు, నాకు గుర్తులేదు.

దొరలు పెట్టిన ఎమర్జెన్సీలో తోటలో డప్పు కొట్టనిచ్చేవారు కాదు, అడవిలో దాగిన కమ్యూనిస్టులకి సైగ అవుతుందని. అప్పుడే మా అమ్మమ్మ పోయింది. కన్నతల్లిని మావ డప్పు చప్పుడు లేకుండా తోట ముళ్లకంచె దాటించి మట్టి చేసి వచ్చాడు. ఆ సాయంత్రమే క్లబ్బుకి వెళ్లాడు.

మెర్డెకా రోజున, మలయాకి స్వాతంత్ర్యం వచ్చిందని ఇంటి బయట డప్పులు మోగుతుంటే, ఆ సాయంత్రం సంగతి మొదటిసారి చెప్పాడు.

"శవం ముందర కొట్టే దరువే వాయించినాను. దొరలు జంటలు కట్టి ఆడినారు. మళ్లీ వాయించమన్నారు."

"మరి నువ్వేటి సేసినావు మావా?"

బయట ఒక దరువు, మోకాలి మీద ఇంకో దరువు.

"వాయించినాను. అమ్మని రెండుసార్లు సాగనంపినాను."