తిమింగలం తోకలో రెండు ఎముకలు

పెద్దమ్మ ఆ మ్యూజియంలో ముప్పై ఒక్క ఏళ్ళు పని చేసింది గానీ, ముందు గుమ్మంలోంచి లోపలికి అడుగు పెట్టడం మాత్రం ఆ రోజే మొదలు. తుడిచేవాళ్ళంతా తెల్లవారుజామున ఐదింటికి వెనక గేటు నుంచి రావాలి. తొమ్మిదిన్నరకు తలుపులు తెరిచేలోగా బకెట్లూ బ్రష్షులూ సర్దుకుని మాయమైపోవాలి. జనానికి జంతువులు కనిపించాలి గానీ వాటి ఒళ్ళు తుడిచేవాళ్ళు కనిపించకూడదని పైవాళ్ళ అభిప్రాయం. ఎవరి అభిప్రాయాలు వాళ్ళవి. పనిలో ఉన్నన్నాళ్ళూ ఆవిడ దాని గురించి ఆలోచించనూ లేదు.

ఆవిడకన్నా నాలుగేళ్ళు పెద్దవాడైన గేటు కాపలాదారు కూడా ఆవిడని పెద్దమ్మా అనే పిలుస్తాడు. ఉద్యోగం మానేసిన నాలుగు నెలలకు మనవరాలి చెయ్యి పట్టుకుని టికెట్ల వరుసలో నిలబడితే ఆయన నోరు వెళ్ళబెట్టాడు.

"నువ్వు టికెట్ కొనడమేంటి పెద్దమ్మా? లోపలున్న ఖడ్గమృగం విందంటే నవ్విపోతుంది."

"నవ్వనీ. ఇవాళ నేను పనికి రాలేదు, చూడ్డానికొచ్చాను."

మనవరాలు కూతురి కూతురు, ఆరో తరగతి. ఏదైనా అస్థిపంజరం చూసి బొమ్మ గీసి, దాని కింద నాలుగు ముక్కలు రాసుకురమ్మన్నారట బళ్ళో. మిగతా పిల్లలు కుందేలుతోనో పిల్లితోనో సరిపెట్టుకుంటుంటే ఈ పిల్ల లేచి నిలబడి, తను తిమింగలాన్ని గీస్తానని, అది తన అమ్మమ్మ చేతుల మీద పెరిగిందని క్లాసంతటికీ చాటింది. అమ్మమ్మ మాటంటే ఆ పిల్లకు అచ్చులో పడ్డ పుస్తకంతో సమానం. ఆ నమ్మకం చూస్తే పెద్దమ్మకు కడుపు నిండిపోయేది, కాస్త భయం కూడా వేసేది.

చూడ్డానికొచ్చానని కాపలాదారుతో గొప్పగా అంది గానీ, ఆవిడ కళ్ళు ఊరుకుంటేగా. అందరూ ఖడ్గమృగం కొమ్ము చూస్తుంటే ఆవిడ దాని చెవి మడతలో పేరుకున్న దుమ్ము చూసింది. పక్షుల అద్దాల మీద గీతలు చూసి, కొత్తగా చేరినమ్మాయి పొడిగుడ్డతో రుద్దుతోందని కనిపెట్టేసింది. చేతిరుమాలు సగం దాకా పైకి తీసి, జనాన్ని చూసి మళ్ళీ సంచిలో కుక్కేసింది.

తిమింగలం గదిలోకి వచ్చేసరికి మాత్రం ఆవిడ నడక నెమ్మదించింది.

ఇనుప కడ్డీకి గుచ్చి వేలాడదీసిన ఆ అస్థిపంజరం తల భాగం పైకప్పుకు దగ్గరగా, తోక మనిషి ఎత్తుకు దిగి ఉంటుంది. పిల్ల సరిగ్గా ఆ తోక దగ్గరే కింద చతికిలబడి నోటుబుక్కు తెరిచింది. దగ్గరున్నది ముందు గీస్తే పైది తర్వాత చూసుకోవచ్చట. ఇంత పెద్ద జంతువులో పిల్లకు ఆ చోటే దొరికిందా అనుకుంది పెద్దమ్మ.

పందొమ్మిదేళ్ళ కిందటి మాట. ఒక సోమవారం ఆ తోక తుడుస్తుంటే, ఇనుప కడ్డీ చివర తుప్పు పట్టిన నట్టు ఊడి, ఆరు ఎముకలు జారి ఆవిడ చేతుల్లో పడ్డాయి. ఒక్కటీ పగల్లేదు. తలుపులు తెరవడానికి ఇంకా గంట ఉంది. ఏది ముందో ఏది వెనకో చెప్పే చదువు ఆవిడకు లేదు. తెలిసిందల్లా దుమ్మూ వెలుతురూను. కిటికీకి దగ్గరగా ఉన్నది ఎక్కువ పచ్చబడుతుంది, దూరంగా ఉన్నది తక్కువ. ఆ లెక్కనే పేర్చి, నట్టు బిగించి, చెమట తుడుచుకుంది.

మళ్ళీ సోమవారం బ్రష్షు వేస్తుంటే చేతికి తెలిసిపోయింది. ఒక్కో ఎముకా కాస్త కాస్త చిన్నదవుతూ పోవాలి. చివరి నుంచి నాలుగోదాని దగ్గర, మెట్లు దిగుతున్న కాలికి ఉన్నట్టుండి ఎక్కే మెట్టు తగిలినట్టయింది. సరిచేద్దామంటే, ఈలోగా నట్టు వదులుగా ఉందని ఎవరో చూసి దానికి వెల్డింగ్ చేసేశారు. చెబుదామంటే, ఎముక జోలికి వెళ్ళినవాళ్ళు మర్నాటి నుంచి రానక్కర్లేదని సూపర్‌వైజరు రోజూ పాడే పాట. అప్పటికి భర్త మంచంలో ఉన్నాడు, కూతురు తొమ్మిదో తరగతి. నోరు మూసుకుంది. ఆ తర్వాత ప్రతి సోమవారం చెయ్యి అక్కడ తడబడుతూనే వచ్చింది.

"అమ్మమ్మా, ఇది చూడు," అంది పిల్ల పెన్సిల్ చూపిస్తూ. "అన్నీ చిన్నవవుతూ వచ్చి ఇక్కడ మళ్ళీ పెద్దదయిందేంటి?"

ఎంతమందో వచ్చి గీసుకుపోయారు, ఫొటోలు తీసుకుపోయారు. ఒక్కరూ అడగలేదు. అడిగేది తన ఇంటి పిల్లే అవుతుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు.

"తిమింగలాలకు అంతే తల్లీ," అంది.

పిల్ల సరేనని తలూపి, పెన్సిల్ పక్కన పెట్టి పెన్ను తీసింది. గుండ్రటి అక్షరాలతో రాస్తుంటే పెద్దమ్మ భుజం మీదుగా చదివింది. 'తోక చివరి నుంచి నాలుగో ఎముక దాని ముందుదాని కన్నా పెద్దది. తిమింగలాలకు అంతే. మా అమ్మమ్మ చెప్పింది.'

ఆ చివరి ముక్క ఆవిడ రెండుసార్లు చదివింది. సూపర్‌వైజరు దగ్గర నోరు మూసుకోవడం ఒక ఎత్తు. ఇది వేరు. పక్కన కూర్చుని, జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పేసింది.

పిల్ల ఎముకల సంగతి అసలు పట్టించుకోలేదు. "మరి నాకెందుకు అబద్ధం చెప్పావు?" అంది. "వాళ్ళంటే ఉద్యోగం తీసేస్తారు. నేనేం తీసేస్తాను?"

పిల్ల ఆ మూడు వాక్యాలనూ అడ్డంగా కొట్టేసింది. 'మా అమ్మమ్మ చెప్పింది' అన్నదాన్ని రెండుసార్లు కొట్టింది. ఆ రెండో గీత పెద్దమ్మకు సూటిగా తగిలింది. లేచి, ఎముకల లెక్క చూసే ఆఫీసరు గది వైపు నడిచింది. పిల్ల బుంగమూతి పెట్టుకుని నాలుగడుగుల వెనకే వచ్చింది.

ఆ ఆఫీసరు చేరి ఆరేళ్ళయింది గానీ ఆయన వచ్చేది పదింటికి కాబట్టి, రోజూ ఆ గది తుడిచిన మనిషిని ఎన్నడూ చూడలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఇక్కడ తుడిచి నాలుగు నెలల కిందట మానేశానని ఆవిడ నిలబడే చెప్పుకుని, అసలు సంగతికి వచ్చింది. "తిమింగలం తోకలో రెండు ఎముకలు తారుమారై ఉన్నాయి బాబూ. చివరి నుంచి నాలుగోది, ఐదోది. చేసింది నేనే."

ఆయన విని మర్యాదగా నవ్వాడు. "కూర్చోండి పెద్దమ్మా. పెద్ద పెద్ద వాళ్ళొచ్చి దాన్ని కొలుచుకుపోయారు. తేడా ఉంటే వాళ్ళకు తెలియదా? ఉద్యోగం మానేశాక ఇలాంటివి మనసులో తిరుగుతుంటాయి, మా నాన్నా అంతే."

"మనసు కాదు బాబూ, నా చేతికి తెలుసు."

"మీ చేతికి తెలిసిందని నేను వెల్డింగ్ కోయించలేను కదా."

ఇన్నేళ్ళూ ఆవిడ భయపడింది ఉద్యోగం పోతుందనీ, చీవాట్లు పడతాయనీ. నమ్మకపోవడం ఒకటుంటుందని ఎన్నడూ తట్టలేదు. ఇక వెళ్దామని వెనక్కి తిరగబోయింది.

అప్పటిదాకా గుమ్మం దగ్గరే ఆగిపోయిన పిల్ల లోపలికి వచ్చి, నోటుబుక్కు ఆయన బల్ల మీద తెరిచి పెట్టింది. బొమ్మలో ఐదోది చిన్నగా, నాలుగోది పెద్దగా, ఉన్నది ఉన్నట్టే ఉన్నాయి.

"మా అమ్మమ్మ చెప్పేది నిజమేనండీ," అంది.

ఆయన బొమ్మ మీదికి వంగి, కొలిచే టేపు కోసం సొరుగు లాగాడు. పెద్దమ్మ ఆయన్ని చూడటం లేదు, మనవరాలినే చూస్తోంది.