తిరిగి చెప్పని తీర్మానం

స్టాంపు ప్యాడు మూత తియ్యగానే వచ్చే సిరా వాసన ఇప్పటికీ నాకు పడదు. పంచాయతీ కార్యదర్శిని, తియ్యక తప్పదు. తీసినప్పుడల్లా బుదరమ్మ గుర్తొస్తుంది.

విజయనగరం వైపు నుంచి నేను అరకు కొండల్లోని ఓ ఊరికి కొత్తగా ఉద్యోగానికి వచ్చేనాటికి ఆవిడ ఆ ఊరి సర్పంచి. చదివింది అయిదో తరగతి. వాళ్ల ఆదివాసీ ఒడియా నాకు నేర్పింది ఆవిడే, ఉద్యోగం నేర్పిందీ ఆవిడే. అక్క అనే అర్థంలో వాళ్లలాగే ‘అప్పా’ అని పిలిచేదాన్ని. మొదటి గ్రామసభలో తీర్మానం తెలుగులో గడగడా చదివేసి, "వేలిముద్రలు వెయ్యండి" అన్నాను. ఆవిడ నా చేతిలోంచి ప్యాడు లాక్కుంది. "ఓ గుంటా, అంత బేగేటి? మా బాసలో సెప్పు. ముసిలోలు తిరిగి సెప్పాల. తప్పు నేకండా సెప్పినాకే ఏలు ముట్టించు." ఊరికి పెద్దదైన ఆవిడ తల్లి లేచి, రెండుసార్లు తప్పి, మూడోసారి సరిగ్గా చెప్పింది. మధ్యాహ్నం దాటిపోయింది. ఆరోజు చిరాకు పడ్డాను గానీ, తర్వాత అదే నా పద్ధతయింది.

ఆవిడ మండలాధ్యక్షురాలైంది, ఆపైన ఎమ్మెల్యే అయింది. గెలిచిన రోజు కాళ్లు పీకేదాకా థింసా నాట్యం ఆడాం. ఏడాది తిరక్కుండానే ఓ ఉదయం కారు దిగి, నా బల్ల మీద తెల్లకాగితాలు పెట్టింది. ఊరి పైనున్న కొండలో రాతి క్వారీకి గ్రామసభ ఒప్పుకోవాలట. ఆ కొండ ఊటే ఊరందరికీ తాగునీరు.

"ముందు ఏలిముద్రలు తీసీ. రాత తరవాత సూసుకుందుం."

"చదవకుండానా అప్పా?" ప్యాడు మూత తియ్యకుండానే అడిగాను.

"నానడిగితే ఏత్తారు. నువ్వు ప్యాడు పట్టుకో, సాలు."

నా చెవుల్ని నేనే నమ్మలేదు. కంచే చేను మేసిందని వినడమే గానీ కళ్లారా చూడటం అదే మొదలు. అంతకన్నా దిమ్మ తిరిగిందేమిటంటే, ఊరంతా వేలిముద్రలు వేసేసింది. అడగడం నేర్పిన మనిషినే అడగడమేమిటనుకున్నారు. ఆవిడ తల్లి అందరికన్నా ముందొచ్చి చెయ్యి చాచింది. ఆ వేలు పట్టుకుని అద్దింది నేనే. కాదనలేకపోయాను, సిగ్గుతో చెబుతున్నాను.

రెండు నెలలకి కొండ మీద పేలుళ్లు మొదలయ్యాయి. ఊట బురదైంది. తల్లి కూతురి దగ్గరికి వెళ్లలేదు, నా దగ్గరికొచ్చింది. "మా ఏలిముద్రల మీద ఏటి రాసినారమ్మా?" తీర్మానం తీసి ఆవిడ భాషలో చదివాను. కళ్లు మూసుకుని వింది. విన్నాక మెల్లగా తిరిగి చెప్పడం మొదలుపెట్టింది. ఎక్కడో ఒకచోట తప్పుతుందనీ, తప్పితే మళ్లీ మొదటినుంచి చదవాలి గనక అందాకా వేలిముద్ర పడనట్టేననీ నాకో పిచ్చి ఆశ. ఆవిడ ఒక్క మాటా తప్పలేదు. అయినా ఇప్పటికీ ప్యాడు మూత తీసినప్పుడల్లా, ఆవిడ ఒక్క మాటైనా తప్పి ఉంటే బాగుండునని ఆశపడుతూనే ఉన్నాను.