రెండు జిల్లేళ్ళ నడుమ తారామణి

మీ ప్రాణానికి బదులుగా ఒక పొద చచ్చిపోతుందంటే మీరు ఒప్పుకుంటారా? తారామణి ఒప్పుకున్నది. అందుకు సిగ్గుపడలేదు కూడా. ముప్పై ఆరేళ్ళ వయసులో, ఒక విడాకుల తీర్పు తర్వాత, మనసుకు నచ్చిన మనిషి దొరికినప్పుడు పొద ఒక లెక్కా అనుకున్నది.

ఆ మనిషి పేరు ఉమాపతి. ఇద్దరూ పనిచేసేది నాచారంలోని ఒకే మందుల కంపెనీలో. ఆమె ప్యాకింగులో సూపర్‌వైజరు, ఆయన స్టోర్స్‌లో గుమాస్తా. ఆమెది భువనగిరి వైపు, ఆయనది తెనాలి దగ్గర. ఉప్పల్ చౌరస్తాలో మెట్రో కోసం రోడ్లు తవ్వుతున్న ఆ రోజుల్లో, రాష్ట్రం విడిపోవాలా కలిసుండాలా అని క్యాంటీన్‌లో బల్లలు చరిచి వాదించుకునేవారు సైతం ఈ పెళ్ళికి అడ్డు చెప్పలేదు. చట్టానికీ అభ్యంతరం లేదు. రిజిస్ట్రారు ఏ చెట్టునూ సాక్ష్యం అడగడు. అడ్డం వచ్చింది ఉమాపతి భయం ఒక్కటే. ఆయన మొదటి భార్య పచ్చకామెర్లతో పోయింది, రెండో భార్య డెంగీతో. మూడో ఆమె కూడా దక్కదని ఇంటి పెద్దలు తేల్చేశారు. దానికి శాస్త్రం ఒక దారి చూపింది: మూడో తాళి జిల్లేడుకు కడితే వచ్చే గండాన్ని ఆ చెట్టే మోస్తుంది. తర్వాత వచ్చే ఆడది నాలుగోది అవుతుంది కనుక బతికిపోతుంది.

"ఏందే, ఆ సారు జేసుకునేది నిన్నా, జిల్లేడునా?" అన్నది మల్లవ్వ. ఆమె తారామణికి పెద్దమ్మ. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు.

"ముందు దాన్ని, తర్వాత నన్ను."

"అట్లయితే సవతితోని జర పైలం. దాని పాలు కంట్ల పడ్తె గుడ్డిదానివైతవ్."

ఇల్లు కట్టని ఖాళీ ప్లాటు ఉప్పల్‌లో ఎక్కడున్నా జిల్లేడు ఉన్నట్లే. పురోహితుడు అడిగింది కూడా ఏపుగా ఎదిగి పూత మీదున్న జిల్లేడే. తెల్లదైతే శ్రేష్ఠమన్నాడు, అంతే. కానీ ఉమాపతి ఒక మొక్కల పుస్తకం తిరగేసి జిల్లేళ్ళు రెండు జాతులని తెలుసుకున్నాడు. పెద్ద జిల్లేడు రేకులు పూర్తిగా విచ్చుకుని వెనక్కి వాలతాయి, మొగ్గ కోలగా ఉంటుంది. రెండోదాని రేకులు దొన్నెలాగా నిటారుగా నిలుస్తాయి, కొనలకు ఊదారంగు ఉంటుంది, మొగ్గ గుండ్రన. శాస్త్రం చెప్పింది పెద్దదాని గురించేనని ఆయన నమ్మకం. తప్పు చెట్టుకు తాళి కడితే గండం ఎవరిమీద పడుతుందో ఆయన పైకి అనేవాడు కాదు.

ఆ పెళ్ళికి ఆదివారమే తగిన రోజు. కాబట్టి ఆదివారాలన్నీ వెతుకులాటకే పోయాయి. స్టేడియం వెనక సందులో ఒకటి దొరికితే, "ఇది కాదు తారా. రేకులు నిలబడ్డాయి చూడు," అన్నాడు. నాగోల్‌లో మూసీ వైపు దొరికినదానికి రేకులు చక్కగా వాలాయి, కానీ రంగు ఊదా. రామంతాపూర్‌లో ఒక వాకిట్లో తెల్లది కనబడితే, "ఎవరో నాటిందిగా. తనంతట తాను మొలవాలి," అన్నాడు.

తారామణికి నెమ్మది పోయింది. బస్సు కిటికీలోంచి చూపు రోడ్డు పక్కకే లాగేది. కదిలే బెల్టు మీద మందు సీసాలు వరుసగా వస్తుంటే వాటి మూతలు మొగ్గల్లా కనబడేవి: కోలగానా, గుండ్రంగానా? వారానికి ఉన్న ఒక్క సెలవునూ ముళ్ళకంపల్లో పారబోస్తున్నానని కోపం, ఈసారి దొరుకుతుందేమోనని ఆశ. రెండూ ఆమెను కూర్చోనివ్వలేదు.

చివరికి ఆమే కనిపెట్టింది. నాచారంలో మూతపడిన ఒక ఫ్యాక్టరీ గోడ వెనక, ఎవరూ నాటని పొద, తెల్లటి పూలు, నేల చూస్తున్న రేకులు. ఉమాపతి చూసి తలూపాడు. ఆ ఆదివారం పొద్దున్నే పసుపుతాడు, కొత్త బట్ట, పళ్ళెం సిద్ధమయ్యాయి. పురోహితుడు స్కూటరు దిగాడు.

ఉమాపతి మోకాళ్ళ మీద కూర్చుని మరొక్కసారి కొమ్మలు విడదీశాడు. లోపలివైపు ఒక గుత్తి పూలు దొన్నెల్లా నిలబడి ఉన్నాయి. రెండు జాతులూ ఒకేచోట మొలిచి పెనవేసుకున్నాయి.

"ఏ కొమ్మ దేనిదో ఎలా తెలుస్తుంది? తాడు దేనికి కట్టాలి?"

"అయ్యా, ముహూర్తం దాటిపోతోంది," అన్నాడు పురోహితుడు.

"విత్తనం తెచ్చి మేడ మీద కుండీలో పెంచుతాను తారా. ఒకటి రెండేళ్ళు, అంతేగా?"

"నాటింది పనికిరాదంటిరి గదా?"

ఆయన మళ్ళీ కొమ్మలు విడదీసి చూడసాగాడు. వేళ్ళకు అంటిన జిల్లేడు పాలు తుడుచుకోవడం కూడా మరిచాడు. అది చూశాక తారామణికి అర్థమైంది: లోకంలో ఏ చెట్టూ ఈయన పరీక్షలో నెగ్గదు.

"ఒక్కటి అడుగుత. ఈ రెండు జిల్లేళ్ళకు తేడా రేకు రేకు జెప్తరు. పోయిన ఆ ఇద్దరికి, నాకు తేడా ఏందో చెప్పున్రి."

"నువ్వు కూడా పోతే తట్టుకోలేను తారా."

"నేనింక రానే లేదు. అప్పుడే పోయినట్టు ఏడుస్తున్నరు."

ఆయన కళ్ళు నిజంగానే చెమర్చాయి. ఇంకో రోజైతే ఆమె కొంగుతో తుడిచేది. ఆ పూట పళ్ళెం తెచ్చి ఆయన పక్కన పెట్టి, పురోహితుడికి దండం పెట్టి, తవ్విన రోడ్ల మధ్య నుంచి నడుచుకుంటూ ఇంటికి వచ్చింది.

మల్లవ్వ గడపలో బియ్యం చెరుగుతున్నది. "అయ్యిందానే సవతి పెండ్లి?"

"కాలే. నా పెండ్లి గూడ కాదు పెద్దమ్మా. ఆయన్ని జేసుకోను," అన్నది తారామణి, చెప్పులు విడుస్తూ. "జర అన్నం పెట్టు, ఆకలైతుంది."